రికార్డరు దానమిచ్చాక

నా భార్య పోయిన పదిహేడో రోజున గుడివాడ నుంచి మాష్టారు ఫోన్ చేశారు. పరామర్శకి అంతకుముందే ఒకసారి చేశారు. ఈసారి కాసేపు ఎండల గురించి మాట్లాడారు. బందరులో నీళ్ళు సరిగా వస్తున్నాయా అని అడిగారు. ఆయన మామూలుగా అడిగే సంగతులు కావవి. నేను ఊకొడుతూ ఉన్నాను. చివరికి గొంతు సవరించుకుని, "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోరుగా?" అన్నారు.

"అడగండి."

"అమ్మగారు ఆఖరి భాగం చదివారాండీ? చదవకపోతే ఇబ్బందేం లేదు. చదివి ఉంటే మటుకు, ఆ కార్డు ఇంట్లోనే ఎక్కడో ఉండాలి."

ఉంది. నా బల్ల సొరుగులో, నా భార్య వాడే థైరాయిడ్ మాత్రల ఖాళీ పెట్టెలో ఉంది. రేపు పంపుతానని చెప్పాను. ఆయన వెంటనే ఫోన్ పెట్టేశారు. ఇంకేమైనా అంటే నేను మాట మార్చుకుంటానని భయపడ్డట్టున్నారు.

మాష్టారు హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. నేను గుడివాడ శాఖా గ్రంథాలయంలో పని చేసిన రోజుల్లో సాయంత్రం ఐదింటికి వచ్చి, తలుపులు మూసేదాకా కూర్చునేవారు. రిటైరయ్యాక షుగరు వల్ల ఆయనకి చూపు పోయింది. అప్పటికి మేము మచిలీపట్నం వచ్చేశాం. ఒకసారి చూడ్డానికి వెళ్తే, "ఇంట్లోవాళ్ళు పేపరు చదవమంటే చదువుతారండీ. నవల చదవమంటే ఏదో పని గుర్తొచ్చి లేస్తారు" అని నవ్వారు. నా భార్య అక్కడే, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే, "నేను చదివి పంపుతాను మాష్టారూ" అంది.

ఆరేళ్ళు పంపింది. అరచేతిలో పట్టే రికార్డరు ఒకటి కొన్నాం. పొద్దున వంట అయ్యాక వీధి గదిలో కిటికీ మూసుకుని ఒక గంట చదివేది. మొదలుపెట్టేటప్పుడు పుట సంఖ్య చెప్పేది. వీధిలో చప్పుడొచ్చినా, తనకి దగ్గొచ్చినా, నేను మాట్లాడినా ఆ పుట సంఖ్య మళ్ళీ చెప్పి మొదటి నుంచి చదివేది. ఆపి, చెరిపి, మళ్ళీ రికార్డు చేయడం ఆమెకి వచ్చు. కానీ చెరపడం ఇష్టం లేదు. పొరపాటున వేరేది చెరిగిపోతుందేమోనని. నిండిన మెమరీ కార్డు మాత్రల పెట్టెలో పెట్టి, పొద్దున పాసింజరులో రోజూ గుడివాడ వెళ్ళే బ్యాంకు ఉద్యోగి చేతికిచ్చేవాళ్ళం. విన్నాక మాష్టారు అదే పెట్టెలో తిప్పి పంపేవారు. మా ఇద్దరి ఇళ్ళ మధ్య తిరిగింది ఆ పెట్టెలే. అందుకే కాబోలు, మా దృష్టిలో పుస్తకం అంటే కార్డే అయిపోయింది. రికార్డరు గురించి ఎవరం ఆలోచించలేదు.

ఆఖరి నవల పెద్దది, ఏడు వందల పన్నెండు పుటలు. ముప్పాతిక వంతు అయ్యాక పాత కార్డు ఒకటి పాడైంది. బజార్లో అడిగితే చిన్నవి రావడం లేదన్నారు. అరవై నాలుగు జీబీ కార్డు ఒకటి తెచ్చాను. ఆమె సంతోషించింది. "మిగతాదంతా దీన్లోనే పట్టేస్తుంది. ఆ బ్యాంకాయన్ని మాటిమాటికీ విసిగించక్కర్లేదు" అంది. అంటే ఆ కార్డు ఆమె చేతిలో ఉన్నంతకాలం గుడివాడ వెళ్ళలేదు. అందులో ఏముందో ఆమె తప్ప ఎవరూ వినలేదు. ఒక ఉదయం స్నానానికి వెళ్తూ ఛాతీలో పట్టేసినట్టుందని మంచం మీద కూర్చుంది. ఆటో వచ్చేలోపే పోయింది.

కార్డు పంపిన మర్నాడు మాష్టారు మళ్ళీ ఫోన్ చేశారు.

"ఇదేమిటండీ, నా మిషను దీన్ని ఎరగనంటోంది."

"ఎరగననడం ఏమిటి?"

"అలాగే అంటోంది. ఈ రకం ఫైల్ సిస్టమ్ నాకు తెలియదు, తెరవలేను అంటోంది. నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ అదే మాట."

ఆయన కంప్యూటరు తెర మీద ఉన్నది పైకి చదివి వినిపిస్తుంది. అలా చదివే సాఫ్ట్‌వేర్ కొనాలంటే ఆ కంప్యూటరు కన్నా ఎక్కువవుతుందట. అందుకని గుడివాడలో కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఒక లెక్చరర్ మేడమ్ ఆయనకి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా కాపీ ఇవ్వచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు. ఆరేళ్ళుగా అది మాష్టారి మాట వింటూ వచ్చింది. ఇప్పుడు వినడం లేదు.

నేను చేసిన తప్పే అయి ఉంటుందనుకున్నాను. కార్డు రికార్డరు నుంచి తీసింది నేనే. తీసే ముందు ఏదైనా నొక్కాలేమో, నొక్కలేదేమో. కార్డు వెనక్కి తెప్పించి బస్టాండు దగ్గర జిరాక్సు, నెట్ సెంటరు నడిపే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. యాభై దాటిన మనిషి. వయసు తేడా ఎంతున్నా అందరినీ మావయ్యగారూ అని పిలుస్తాడు. కార్డుని ఒక వైరు కొసన పెట్టి తన కంప్యూటరుకి తగిలించాడు. తెర మీద చిన్న పెట్టె వచ్చింది.

"ఏముంది మావయ్యగారూ, ఫార్మాట్ చెయ్యమంటోంది. కొట్టేస్తే కొత్తదానిలా అయిపోద్ది."

"కొత్తది ఎందుకు? ఇందులో ఉన్నది కావాలి."

"ఉన్నది ఉంటే చూపిచ్చేదిగా! ఏం లేదు కాబట్టే అడుగుతోంది. ఇదిగో, ఎస్ కొడితే..."

బాణం గుర్తు ఆ మాట మీదకి వెళ్ళడం చూశాను. నేను ఆ వైరు పట్టుకుని లాగేశాను.

"అదేంటండీ అలా పీకేశారు! పోర్టు పోద్ది! పెద్దోళ్ళు, చదువుకున్నోళ్ళు, మీరే ఇలా చేస్తే ఎలా?"

"అందులో మా ఆవిడ ఉందయ్యా" అన్నాను. ఆమె గొంతు ఉందని చెప్పాలనుకున్నాను. వచ్చింది ఆ మాట.

అతను నా వంక చూశాడు. జిరాక్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా చూశారు. అతను కార్డు జాగ్రత్తగా వైరు నుంచి విడదీసి, చొక్కాకి తుడిచి, మాత్రల పెట్టెలో పెట్టి నా చేతికిచ్చాడు. "ఎవరి చేతికీ ఇవ్వకండి మావయ్యగారూ. నాబోటోడి చేతికి అసలివ్వకండి" అన్నాడు.

ఆదివారం నేనే గుడివాడ వెళ్ళాను. మాష్టారు లెక్చరర్ మేడమ్‌ని పిలిపించారు. ఆవిడ ఏవేవో టైపు చేసి, రెండు నిమిషాల్లో కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"కార్డు పాడవలేదు సార్. శుభ్రంగా ఉంది. ఈ మిషనుకి దాన్ని చదవడం రాదు, అంతే."

"నేర్పచ్చుగా?" అన్నారు మాష్టారు.

"నేర్పడం తెలిసినవాళ్ళున్నారండీ. నేర్పకూడదు."

"ఎవరన్నారమ్మా నేర్పకూడదని?"

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. కార్డులో ఏది ఎక్కడుందో కార్డులోనే ఒకచోట రాసి ఉంటుంది. ఆ రాసుకునే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. చిన్న కార్డులకి పాత పద్ధతి ఒకటి ఉంది. అది అన్ని మిషన్లకీ వచ్చు. ముప్పై రెండు జీబీ దాటిన కార్డులకి కొత్త పద్ధతి వాడాలని కార్డులు తయారుచేసేవాళ్ళంతా కలిసి అనుకున్నారు. ఆ కొత్త పద్ధతి ఒక పెద్ద కంపెనీ తయారుచేసింది. దాని మీద పేటెంట్లున్నాయి. దాన్ని చదివే మిషను ఎవరు చేసినా ఆ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. కెమెరాలు, రికార్డర్లు చేసేవాళ్ళు తీసుకుంటారు. అది మనం ఇచ్చే ధరలోనే కలిసి ఉంటుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఎవరైనా ఎంతమందికైనా కాపీ చేసి ఇవ్వచ్చు. ఎన్ని కాపీలున్నాయో లెక్కే లేనప్పుడు ఎవరు ఎన్నింటికని లైసెన్సు తీసుకుంటారు? అందుకని దాన్ని కూర్చి పంచిపెట్టేవాళ్ళు, కోర్టు గొడవలెందుకని, ఆ ఒక్క ముక్కా వదిలేశారు.

నేను ముప్పై ఏళ్ళు పుస్తకాల వెన్ను మీద నంబర్లు రాశాను. కథ ఏ బీరువా, చరిత్ర ఏ బీరువా అని చెప్పే నంబర్లు. ఆ నంబర్లు వేసే పద్ధతిని ఎవరో ఒకరు ఆలోచించి పెట్టారు. అది వాళ్ళ శ్రమే. కానీ నంబరు చూసి బీరువా దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసుకునే పాఠకుడికి కూడా వాళ్ళ అనుమతి కావాలని ఎవరైనా అని ఉంటే ఏం చేసేవాడినో ఆలోచించాను. పద్ధతి కనిపెట్టినవాళ్ళకి ఏమీ దక్కకూడదని నేను అనలేను. నా భార్య గొంతు వినడానికి వాళ్ళని ఎందుకు అడగాలో కూడా నాకు తెలియలేదు. రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయో అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

"ఆ పేటెంటు మన దేశంలో చెల్లుతుందా?" అని అడిగాను.

"అదీ నాకు సరిగ్గా తెలీదు సార్. చెల్లదనేవాళ్ళున్నారు. ఒక్కోసారి చెల్లుతుందనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ సాఫ్ట్‌వేర్ తయారయ్యేది ఇక్కడ కాదుగా. అక్కడ తీసేస్తే ఇక్కడికొచ్చేదాన్లోనూ ఉండదు."

"అంటే ఎక్కడో ఎవరో భయపడితే గుడివాడలో నా నవల ఆగిపోయిందన్నమాట" అన్నారు మాష్టారు. ఆయన నవ్వారో లేదో చెప్పలేను.

"మరి బందరు నెట్ సెంటర్లో ఉన్నది ఉచితం కాదుగా? అది కూడా ఫార్మాట్ చేస్తానందేం?" అన్నాను.

"అది కొన్నారో లేదో మనకి తెలీదు సార్. కొన్నా చాలా పాతది అయి ఉంటుంది. దానికీ ఈ పద్ధతి రాదు. రానివన్నీ ఖాళీ అనుకుంటాయి. ఈమధ్య కొన్న మిషన్లు చదువుతాయి."

ఏది చదువుతుందో, ఏది చెరపమంటారా అని అడుగుతుందో పెట్టాక గానీ తెలియదు. మేడమ్ కూడా అదే ఆలోచించినట్టున్నారు. "బయటివాళ్ళు రాసిన ప్రోగ్రాం ఒకటుంది. వేస్తే వస్తుందేమో. కానీ దీనికి ఇంకో కాపీ లేదు. కాపీ లేనిదాని మీద నేను ప్రయోగాలు చెయ్యను సార్. ఏమన్నా అయితే నేను మీ మొహం చూడలేను" అన్నారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు. "ఇది రికార్డు చేసిన మిషనేదండీ? అది రాసిందేగా. అది చదువుతుంది. దాన్లో పెట్టండి."

మాష్టారు ముఖం నా వైపు తిప్పారు. "రికార్డరుందిగా?"

"ఇచ్చేశానండీ" అన్నాను.

పెద్దకర్మ రోజున ఆమె వస్తువులు తలా ఒకటి ఇచ్చాం. చీరలు ఆమె పిన్ని కూతుళ్ళకి, కళ్ళజోడు కంటి ఆసుపత్రికి, గొడుగు పాలు పోసే ఆవిడకి. రికార్డరు ఆమె చెల్లెలికిచ్చాను. మరదలు దివిసీమలో, కోడూరు దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు. పిల్లల చేత పద్యాలు చెప్పించి రికార్డు చేస్తానని ఎప్పుడో అంది. ఇచ్చే ముందు కార్డు తీసి సొరుగులో పెట్టి, పాత చిన్న కార్డు ఒకటి వేశాను. ముఖ్యమైనది దాచుకుని, డొల్ల ఇచ్చాననుకున్నాను. చాలా జాగ్రత్తగా చేసిన పని. లైసెన్సు ఆ డొల్లలో ఉందని నాకెలా తెలుస్తుంది?

మా వైపు ఒక పట్టింపు ఉంది. పోయినవాళ్ళ పేరు మీద ఇచ్చిన వస్తువు మళ్ళీ ఆ గుమ్మం లోపలికి రాకూడదు. నేను అలాంటివి పెద్దగా పట్టించుకోను. కానీ ఆమె పట్టించుకునేది. అది తెలిసి ఫోన్లో అడగడం బాగుండదనిపించింది. మర్నాడు కార్డు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, అవనిగడ్డలో బస్సు మారి కోడూరు వెళ్ళాను. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. ఆ పక్కనే వరి. ఏది ఎవరి పొలమో గట్లు చూసి చెప్పడం నాకెప్పుడూ రాలేదు.

మరదలు బడి నుంచి అప్పుడే వచ్చింది. సంగతంతా చెప్పాను. ఆమె విని, "లైబ్రరీ బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు బావగారూ. ఇచ్చినట్టే ఇచ్చి, గడువు దాటిందని ఇంటికొచ్చి అడుగుతున్నారు" అంది.

"ఒక్క రోజుకేనమ్మా."

"ఒక్క రోజైనా, ఒక్క పూటైనా ఇవ్వను. అక్క పేరు మీద వచ్చింది. మీ గుమ్మం ఎక్కకూడదు. ఎక్కితే అక్క నన్ను బతకనిస్తుందా?"

ఈ మాట అన్నాక ఆమె లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. రికార్డరు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"మాష్టారి గుమ్మం ఎక్కచ్చుగా?" అంది.

"దానికి పట్టింపేం లేదు."

"అయితే నేనే పట్టుకొస్తా. మీరు ముట్టుకోవద్దు. నా వస్తువు, నా చేత్తో తెచ్చి, నా చేత్తో తీసుకుపోతా. సరేనా?"

కార్డు అడిగి తీసుకుని రికార్డరులో పెట్టింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ చిన్న తెర మీద ఏదో వెలిగింది. నెట్ సెంటర్లో బాణం గుర్తు గుర్తొచ్చింది నాకు.

"పదకొండు ఉన్నాయి బావగారూ" అంది. "ఒక్కోటి నలభై నిమిషాల దాకా. వినిపించనా?"

"వద్దు. అది మాష్టారి పుస్తకం. ఆయన ముందు వినాలి."

అది నిజమే. అదొక్కటే కారణం కాదని ఆమెకీ తెలుసు. పిల్లల పద్యాల కార్డు తిరిగి వేసి, మాత్రల పెట్టె నా చేతికిచ్చింది.

రెండో శనివారం పామర్రు సెంటర్లో కలుసుకున్నాం. ఆమె అవనిగడ్డ బస్సు దిగింది. నేను బందరు బస్సు దిగి బత్తాయిల బండి పక్కన నిలబడ్డాను. గుడివాడ బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. రికార్డరు ఆమె సంచిలో, కార్డు నా జేబులో. కండక్టరు చిల్లర ఇవ్వడానికి వంగితే ఆమె సంచి అవతలికి జరిపింది, నాకు తగలకుండా. అంతవరకు నవ్వని మనిషి అప్పుడు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత ఇబ్బందిగా అనిపించింది.

మాష్టారి ఇంట్లో మళ్ళీ ఒక చిక్కొచ్చింది. రికార్డరుని కంప్యూటరుకి కలిపితే కంప్యూటరు అదే మాట అంది. ఈ రకం ఫైల్ సిస్టమ్ తెలియదు. రికార్డరులో వింటే వినవచ్చు. కానీ రికార్డరు సాయంత్రం కోడూరు వెళ్ళిపోతుంది. ఏడు గంటల పుస్తకం. మాష్టారు ఒక్కో పుట రెండేసి సార్లు వినే మనిషి.

ఆయన కాసేపు కుర్చీ చేతి మీద వేళ్ళతో కొట్టారు. "ఏమండీ, మేము రేడియో పాటలు క్యాసెట్‌లో ఎక్కించుకునేవాళ్ళం. రేడియో ఏ పద్ధతిలో పాడుతోందని టేప్‌రికార్డరు అడిగిందా?" అన్నారు. బీరువా అడుగున ఒక వైరుందని భార్యని తెమ్మన్నారు. రెండు కొసలా ఇయర్‌ఫోను పుల్లల్లాంటివి ఉన్న వైరు. ఒక కొస రికార్డరులో, ఒక కొస కంప్యూటరు మైకు రంధ్రంలో. ఇక్కడ పాడుతుంటే అక్కడ కొత్తగా రికార్డవుతుంది. కంప్యూటరుకి కార్డుతో పని లేదు, అది వింటుంది అంతే. లెక్చరర్ మేడమ్‌కి ఫోన్ చేస్తే, "అయ్యో, నాకెందుకు తట్టలేదండీ!" అన్నారట.

ఒకటే తేడా. కాపీ చేస్తే నిమిషాల్లో అయిపోయేది. ఇలా అయితే ఆమె ఎంతసేపు చదివిందో అంతసేపూ పడుతుంది.

పొద్దున పదింటికి మొదలుపెట్టాం. వైరు పెట్టాక రికార్డరు బయటికి మోగదు. మాష్టారు మాత్రం కంప్యూటరుకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. మరదలు ఆయన భార్యతో వంటింట్లో కూర్చుంది. మధ్యమధ్య వచ్చి రికార్డరు బ్యాటరీ చూసి వెళ్ళేది. నేను తెర ముందు కూర్చున్నాను. ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి వెళ్తోంది. మాట ఉన్నచోట ఎగుడుదిగుడుగా, లేనిచోట తిన్నగా. నాకు ఏమీ వినపడటం లేదు. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో కనిపిస్తోంది. చూడాలో, లేచి వెళ్ళాలో తెలియక అక్కడే ఉన్నాను.

మాష్టారు ఒకచోట గట్టిగా నవ్వారు. ఒకచోట చేయి పైకెత్తారు. "పాలావిడ వచ్చిందండీ" అన్నారు. గీత కాసేపు తిన్నగా వెళ్ళి మళ్ళీ లేచింది. నాలుగోది నడుస్తుండగా హెడ్‌ఫోను ఒక చెవి నుంచి జరిపి, "ఇక్కడ మీరున్నారు" అన్నారు.

"నేనా?"

"కళ్ళజోడు ఎక్కడుందని అడుగుతున్నారు."

"ఆమె ఏమంది?"

"ఏమీ అనలేదండీ. కాసేపాగి, పుట సంఖ్య చెప్పి మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నారు."

సాయంత్రం ఐదున్నరకి పదకొండోది అయిపోయింది. మాష్టారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయనే చెప్పారు. "ఆరు వందల ఎనభై నాలుగో పుట దగ్గర ఆపారు. ఇవాళ్టికి చాలు మాష్టారూ, అన్నారు."

మిగిలినవి ఇరవై ఎనిమిది పుటలు. మరదలు రికార్డరు సంచిలో పెట్టుకుంది. కార్డు పెట్టెలో వేసి బల్ల మీద నా వైపు జరిపింది. బస్సు దొరకదని ఇద్దరం లేచాం. మాష్టారు గుమ్మందాకా వచ్చారు. మిగతా పుటల గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆయన అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

పది రోజుల తర్వాత నవల తీసుకుని వెళ్ళాను. కార్డు లేదు, రికార్డరు లేదు. ఆయన ఎదురుగా కూర్చుని చదివాను. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య ఉన్నాను గానీ పైకి చదవడం నాకు రాదు. పేర్ల దగ్గర తడబడ్డాను. మూడో పేరాలోనే మాష్టారు ఆపారు. "పుట సంఖ్య చెప్పలేదండీ" అన్నారు. చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఏడాది దాటాక లెక్చరర్ మేడమ్ ఫోన్ చేశారు. ఆ కంపెనీ తన పద్ధతిని ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోనిస్తానని ప్రకటించిందట. పేటెంట్ల విషయంలో ఇక భయం లేదట. కొత్త వెర్షన్లలో వస్తుందట. "ఇక మీ కార్డు చదువుతుంది సార్" అన్నారు. ఆవిడ గొంతులో సంతోషం ఉంది.

"కార్డులో ఏమైనా మారాలా?" అని అడిగాను.

"ఏమీ అక్కర్లేదు. అదే కార్డు."

"అప్పుడు చదవకూడనిది ఇప్పుడెందుకు చదవచ్చు?"

"వాళ్ళు సరేనన్నారు కాబట్టి సార్."

"అప్పుడెందుకు కాదన్నారు?"

"ఏమోనండీ. ఇప్పుడు వాళ్ళకి దాంతో అంత అవసరం లేదేమో. నిజంగా తెలీదు" అన్నారు.

ఈలోగా నేనూ ఒక కంప్యూటరు కొంటే మేడమ్ దానికీ అదే సాఫ్ట్‌వేర్ వేసిచ్చారు. ఆ కొత్త వెర్షను అందులోకి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఒక మధ్యాహ్నం మాత్రల పెట్టె తీసి కార్డు పెట్టాను. తెర ఏమీ అడగలేదు. చెరపమంటారా అనలేదు, తెలియదనలేదు. పదకొండు పేర్లు వరసగా వచ్చాయి. ఎప్పుడూ అలాగే వచ్చేవన్నట్టు.

మొదటిది తెరవలేదు. నాలుగోది తెరిచి, గీత మీద అటూ ఇటూ జరుపుతూ వెతికాను. దొరికింది. తలుపు చప్పుడు. దూరం నుంచి నా గొంతు. "నా కళ్ళజోడు చూశావా?" ఆ తర్వాత ఏమీ లేదు. కిటికీ అవతల సైకిలు బెల్లు ఒకసారి. తర్వాత ఆమె పుట సంఖ్య చెప్పి, ఆ పేరా మళ్ళీ మొదటి నుంచి చదివింది.

ఆ చోటు మళ్ళీ మళ్ళీ విన్నాను. రికార్డు పాడవకూడదని ఆమె నోటితో చెప్పకుండా చేత్తో చూపించి ఉంటుంది. కళ్ళజోడు నాకు దొరికే ఉంటుంది, ఎందుకంటే రెండోసారి అడగలేదు. కానీ ఆమె ఎటు చూపించిందో నాకు గుర్తు రావడం లేదు.